ఎండెక్కినా ముగ్గు పడని వాకిలి

తమ్ముడు యాదయ్యకు నీ అక్క దీవెనలు. నీకు తెలిసిందే అయినా, సాక్షులతో రాయిస్తున్న కాగితం కాబట్టి పద్ధతిగా చెబుతున్నాను: నా పేరు చెన్నమ్మ. వయసు డెబ్బై రెండు. ఉండేది ఫిల్మ్‌నగర్ బస్తీలో, షేక్‌పేట వైపు దిగే సందులో. ఇంట్లో నేనొక్కదాన్నే. నేను చెబుతుంటే పక్కింటి సుబ్బలక్ష్మి రాస్తోంది. తెనాలి వైపు మనిషి, అందుకే నా మాటలు ఆమె భాషలో ఉంటాయి. మరదలి మోకాళ్ల నొప్పి తగ్గిందా? చిన్నమ్మ ఇంత అన్నం తింటోందా? నేను బాగున్నాను. మళ్లీ చెబుతున్నాను, బాగున్నాను.

వచ్చే ఆదివారం నా కొడుకు నర్సింహ నిన్ను రమ్మన్నది ఎందుకో నాకు తెలుసు. నన్ను కొండాపూర్‌లో తన ఇంటికి తీసుకుపోవడానికి నీ చేత ఒప్పించాలని. వాడి మాట విన్నావు, నా మాట కూడా విను.

మా సందులో ఒంటరిగా ఉండే ముసలమ్మలం నలుగురం. ఎండెక్కినా ఎవరి వాకిట్లో ముగ్గు పడకపోతే వాళ్ల తలుపు తట్టాలి. అది మేం పెట్టుకున్న కట్టుబాటు. మొన్న మంగళవారం తెల్లవారకముందే షూటింగ్ వ్యాన్ వచ్చింది. జూబ్లీహిల్స్ బంగళాలో చావు సీను, ఏడ్చే ముసలమ్మలు కావాలన్నారు. తొందరలో ముందు తలుపుకు లోపల గడియ పెట్టి, వెనక తలుపుకు తాళం వేసి పోయాను, ఆ తాళం ఎవరూ చూసుకోలేదు. ముగ్గు వేయలేదు. ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదే.

హీరో రాలేదని మమ్మల్ని తొందరగానే వదిలేశారు. ఆటో దిగేసరికి మా వాకిట్లో జనం. వడ్రంగి సైదులు గడ్డపారతో తలుపు పెకిలిస్తున్నాడు. తలుపు ఎంత తట్టినా పలకడం లేదని వీళ్లు ఫోన్ చేస్తే వచ్చిన నర్సింహ అరుగు మీద కూలబడి ఏడుస్తున్నాడు.

"గాడ పైసలిస్తే ఏడ్చొచ్చిన. గీడ పుక్కట్ల ఏడుస్తున్నరేంది?" అన్నాను.

"అమ్మా, బతికే ఉన్నవా!"

"సచ్చినోళ్లు ఆటో దిగుతర్రా?"

సుబ్బలక్ష్మి నా భుజం మీద ఒక్కటిచ్చింది. "నవ్వకండి పిన్నిగారూ, ఇక్కడ మా ప్రాణాలు పోయాయి!"

అప్పటి నుంచి వాడిది ఒకటే పాట, ఒక్కదానివి ఉండొద్దని. తమ్ముడూ, వాడింట్లో నెల ఉండి చూశాను. మూడో అంతస్తు. వాడు కంపెనీ క్యాబ్ నడపడానికి, కోడలు క్యాంటీన్‌కు, పిల్లలు బడికి పోతారు. ఎదురింటి తలుపు తెరవగా ఒక్కనాడూ చూడలేదు. అక్కడ చస్తే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. ఇక్కడ బతికుండగానే తలుపు పగలగొట్టారు.

వాడు చెడ్డవాడని కాదు. నెలనెలా షుగర్ గోలీలు తెస్తాడు. కానీ బండి ఇంజన్ బంద్ చేయడు, గడప దగ్గరే చేతిలో పెట్టి పోతాడు. ఆ రోజు మాత్రం సైదులు తలుపు బిగించేదాకా కూర్చున్నాడు. అన్నంలో పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నాడు. "జర ఉప్పెక్కువైందమ్మా" అన్నాడు. నా వంటకు వాడు వంక పెట్టి ఎన్నేళ్లయిందో!

నువ్వు వాడికి చెప్పాల్సింది ఇంతే: అమ్మను తీసుకుపోకు, వారానికోసారి ఇంజన్ బంద్ చేసి లోపలికి రా. నేనూ ఇకమీదట చెప్పకుండా ఎటూ పోను. ఒక తాళంచెవి సుబ్బలక్ష్మికి ఇచ్చాను.

వచ్చేటప్పుడు కొత్త చింతపండు తే. చిన్నమ్మ కాళ్లకు నా దండం, నన్ను దీవించమను. మరదలికి, పిల్లలకు నా దీవెనలు.

ఇప్పుడే ముగ్గు వేసి వచ్చి కూర్చున్నాను. వేలికి పిండి అంటి ఉంది. ముద్ర సరిగా పడకపోతే ఒంట్లో బాగాలేదనుకోకు.

చెన్నమ్మ వేలిముద్ర

సాక్షులు:
సుబ్బలక్ష్మి, రాసిన మనిషి
సైదులు, తలుపు పగలగొట్టిన మనిషి, మళ్లీ బిగించిన మనిషి