భాస్కర్ షాపులో కౌంటర్ చూసినందుకు

మార్చి 2, 2009, సోమవారం
ఇక్కడి గవర్నమెంటు ఇచ్చే అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు ఈసారి అకౌంట్లో పడలేదు. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి ఇంటద్దెకి అదే ఆధారం. ఫోన్ చేస్తే మెషీన్... ఒకటి నొక్కు, రెండు నొక్కు, లైన్లన్నీ బిజీ, తర్వాత చెయ్యి. పొద్దుటి నుంచీ అదే పని. ఆఫీసులో కూడా ఇంత శ్రద్ధగా పని చేసి ఎరగను.

మార్చి 3
ఫోన్‌లో ఆఫీసు మనిషి దొరికింది! మర్యాదస్తురాలే. రొటీన్ రివ్యూ అట, గురువారం తనే ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడుగుతుందట. "రొటీన్ అంటే భయం లేనట్టేగా?" అంది వంటింట్లోంచి సుజాత. లేదన్నాను. నాకుంది.

మార్చి 5, గురువారం
వెధవ నోరు. వెధవ నోరు.
అంతా బాగానే సాగింది. ఎక్కడెక్కడ అప్లై చేశానో, ఎవరు ఇంటర్వ్యూకి పిలిచారో అన్నీ చెప్పాను. చివర్లో ఆవిడ, "మిగతా టైమ్‌లో ఏం చేస్తుంటారు?" అంది. మామూలుగానే అడిగింది. నాకే పౌరుషం పొడుచుకొచ్చింది. ఊరికే కూర్చుని గవర్నమెంటు సొమ్ము తినే రకం అనుకుంటుందేమోనని... "ఖాళీగా ఉండను మేడమ్, సాయంత్రాలు మా ఫ్రెండ్ గ్రోసరీ షాపులో కౌంటర్ చూస్తుంటాను" అన్నాను. గొప్పగా అన్నాను కూడా.
కాసేపు టైప్ చేసుకుంది. జీతం? లేదు. మరి ఏమిస్తారు? ఏమీ లేదు... వచ్చేటప్పుడు నాలుగు బెండకాయలో, కొత్తిమీర కట్టో సంచిలో వేస్తాడు. "మరి డబ్బుకి క్లెయిమ్ వేసిన ప్రతిసారీ ఏ పనీ చేయలేదని ఎందుకు చెప్పారు?"
అది పనా? ఫ్రెండ్ ఇంట్లో పెళ్లయితే బంతిలో వడ్డించమా? వడ్డించినవాణ్ణి క్యాటరింగ్ ఉద్యోగి అంటారా? ఇది ఇంగ్లీషులో చెప్పబోయి నత్తినత్తిగా ఏదో వాగాను.
షాపు పేరు, నంబరు తీసుకుంది. సోమవారం ఓనర్‌కి ఫోన్ చేస్తుందట. ఊరికే సాయానికి వస్తాడు, జీతం లేదు అని అతను చెబితే సరే. తేడా వస్తే ఇకముందు డబ్బు రాదు, తీసుకున్నది కూడా తిరిగి కట్టాలి.
ఏం పెట్టి కడతాను?

మార్చి 6
తలుపుకి అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీస్ వాళ్ళ నోటీసు. అద్దె కట్టండి, లేదా ఖాళీ చెయ్యండి. సుజాత చదివి మడిచి ఫ్రిజ్ మీద పెట్టింది. తిట్టినా బావుండేది.
నిక్కీ అడిగింది — "డాడీ, మనం మూవ్ అవుతున్నాం? మమ్మీ ప్రియా ఆంటీని బాక్సెస్ అడిగింది."

మార్చి 7, శనివారం
భాస్కర్ షాపుకి వెళ్ళాను. అలవాటుగా కౌంటర్ వెనక్కి వెళ్ళబోయి ఆగిపోయాను. వెనక గోడౌన్‌లోకి పిలిచి జరిగింది చెప్పాను. భాస్కర్ గబగబా గోడౌన్ తలుపు దగ్గరికి లాగాడు.
"గవర్నమెంటోళ్లకు నా షాపు పేరు చెప్పినవా అన్నా? ప్యాకింగ్ కాడ ఇద్దరు లెక్కల్ల లేకుంట క్యాష్ మీద చేస్తున్నరు, నీకెరుకనే గద!"
ఎరుకే. "వాళ్ళ సంగతి ఆవిడ అడగదు భాస్కర్. నేను ఊరికే వస్తుంటానని, జీతం లేదని, ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు. నీ మాట మీదే ఉంది నా ఇల్లు."
బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. తర్వాత లేచి నా భుజం మీద చెయ్యేశాడు. "నీ పని చెడగొడ్తనా అన్నా? నేను చూస్కుంట. పరేషాన్ గాకు."
ఏడుపొచ్చింది. బెల్లం దిమ్మల మధ్య నిలబడి, ఈ వయసులో.

మార్చి 8
అన్నం సయించలేదు.

మార్చి 9, సోమవారం
పదకొండింటికి భాస్కర్ ఫోన్. గొంతు నిండా సంబరం.
"అయిపోయిందన్నా! ఆమె ఫోన్ జేసింది. నువ్వెవరో నాకెరుకనే లేదని చెప్పేసిన. గా పేరున్నోడు నా షాపుల ఎన్నడూ నిలబడలేదన్న. నువ్వు పని జేసినవన్న మాటనే లేకుంట జేసిన!"
చేశానని గురువారం నా నోటితో నేనే చెప్పాను. ఇప్పుడు ఇద్దరిలో ఒకడు అబద్ధాలకోరు, ఆ డబ్బు తిన్నవాణ్ణి నేను. ఆవిడ ఇక నా మాట ఏది నమ్ముతుంది?
తిడదామనుకున్నాను. దేవుడి తోడు, అనుకున్నాను. అటు పక్క వాడు — "ఇగ నిశ్చింతగ పండుకో అన్నా" అంటున్నాడు.
థాంక్స్ అన్నాను.
సుజాత చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "భాస్కర్ అన్నయ్యేనా? చెప్పాడా ఆవిడకి?"
చెప్పాడన్నాను. తను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది, వారం తర్వాత మొదటిసారి నవ్వింది. అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసావిడ నా నంబర్‌కి ఇంకా ఫోన్ చెయ్యలేదు.