సుగుణ టీసీలో నువ్వు రాసిన మాట

హెడ్మాస్టరూ,

నువ్వు బతికున్నన్నాళ్లూ నిన్ను ‘మీరు’ అన్నాను. ఇక అనను.

పదేళ్ల కిందట, తొమ్మిదో తరగతి సుగుణ మనసు జబ్బుకు మందులు వాడుతోందని తెలిసి బడి మాన్పించావు. టీసీలో ప్రవర్తన అన్నచోట ‘మతి స్థిమితం లేదు’ అని రాశావు. అది చూసి బాపట్లలో, రేపల్లెలో ఏ బడీ చేర్చుకోలేదు. ఆమె చదువు అక్కడితో ఆగింది. అడిగితే, “మిగతా పిల్లలకి అంటుకుంటే మీరు చూస్తారా మాస్టారూ?” అని నన్నే దబాయించావు.

నిన్న మన తెనాలి బడిలో ఒక డాక్టరు ఇలాంటి జబ్బుల గురించి చెబుతుంటే, పదో తరగతి అమ్మాయి లేచింది.

“నేనూ మాత్రలు వేసుకుంటానండి. క్లాసులో నిద్రొచ్చేస్తోందండి.”

“నేను గిల్లి లేపుతున్నాగా!” అంది పక్కపిల్ల.

హాలంతా నవ్వింది, ఆ అమ్మాయి అందరికంటే గట్టిగా.

నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టి ఆ నవ్వు వినిపించాల్సింది. చచ్చి తప్పించుకున్నావు.