నలభైమంది నల్లకోటు సిపాయిలు

బెంగళూరు, 6 జూన్ 2004

ప్రియమైన చెల్లాయ్ సైదాబీకి,

మా ఆఫీసువాళ్ళు ఆదివారాలు యుద్ధం ఆట ఆడతారు. బల్లమీద బొటనవేలంత ప్లాస్టిక్ సిపాయిల్ని నిలబెట్టి, పాచికలేసి, టేపుతో కొలిచి ముందుకు జరుపుతారు. రంగులు మనమే వేసుకోవాలి. నా చేతిలో కుంచె నిలవదు. నాన్న షెడ్డులో లారీలమీద నువ్వేసే పూలు గుర్తొచ్చి, నలభైమందిని, వాళ్ళ కథ ఉన్న ఆట పుస్తకాన్ని పంపుతున్నా. డబ్బామీది బొమ్మలాగే వెయ్యి: నీలం కోటు, బంగారు అంచు. ఆగస్టులో రంగుల పోటీ ఉంది.

నీ అన్న,
మాలిక్

చీమకుర్తి, 11 జూలై

అన్నయ్యా,

మొదటివాడికి నీలమే వేశా. పెళ్ళి బ్యాండువాడిలా ఉన్నాడు. థిన్నర్‌తో తుడిస్తే ప్లాస్టిక్ కరిగి ముక్కు పోయింది. ఉండనీ, యుద్ధంలో పోయిందంటా.

తర్వాత అందరికీ నా రంగులే వేశా. కోటు నలుపు, మన క్వారీ రాయి తడిస్తే మెరిసే నలుపు. మోకాళ్ళదాకా తెల్లదుమ్ము. మెడలో మిరపపండు రంగు తువ్వాలు. నీ పుస్తకంలో వీళ్ళకి రాజున్నాడట. నా దళానికి లేడు. వీళ్ళని ఎండలో నిలబెట్టి తను గొడుగు కింద కూర్చున్నాడని రాజుని వదిలేసి వచ్చేశారు.

సైదా

బెంగళూరు, 20 జూలై

సైదా,

ఎంత పని చేశావే! పుస్తకంలో లేని రంగులంటే ఇక్కడ పోటీకి తీర్పు చెప్పే పెద్దాయన ఒప్పుకోడు. నలుగురిలో నా పరువు పోతుంది. మూడు వారాలు టైముంది. అందరికీ మళ్ళీ నీలం వేసి పంపు. ఈ ఒక్కసారికి నా మాట విను.

మాలిక్

చీమకుర్తి, 27 జూలై

మాలిక్ అన్నయ్యకి,

వెయ్యను. నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించా. లారీ కిందనుంచి బయటికొచ్చి, "ఏసిన రంగు తుడవమనడానికి వాడెవడే?" అన్నాడు.

ఉన్నవాళ్ళని ఉన్నట్టే బస్సు పార్సిల్లో వేశా. నచ్చకపోతే తిరిగి పంపు. పోటీ కాగితంమీద మాత్రం నా పేరు రాయి. లారీలమీద నేనేసిన పూలకింద నాన్న పేరే ఉంటుంది, ఆడపిల్ల పనంటే ఓనర్లు ఒప్పుకోరని. అక్కడ ఆ బెడద లేదుగా.

సైదాబీ

బెంగళూరు, 16 ఆగస్టు

నా సైదాకి,

దాచను. కాగితంమీద నా పేరే రాశాను.

నీ దళం చుట్టూ జనం మూగారు. పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, "తడిరాయిలా ఈ మెరుపెలా తెచ్చావు?" అని అడిగాడు. కాగితంమీది నా పేరు వంక చూశాను. చివరికి, "నేను కాదండి, మా చెల్లెలు వేసింది" అన్నాను. వేసినవాళ్ళ పేరే రాయాలన్నది నియమం. అప్పటికే మొదటి బహుమతికి ఎంచిన నీ బొమ్మల్ని బల్లమీంచి తీయించేశారు. రంగులు పుస్తకంలో లేవని ఒక్కడూ అనలేదు. ఆ భయమంతా నాదే.

క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు.

మాలిక్

చీమకుర్తి, 24 ఆగస్టు

అన్నయ్యా,

మూడు రోజులు నీమీద కోపంతో అన్నం సహించలేదు. పదిమందిలో ఒప్పుకున్నావు కాబట్టి రాస్తున్నా. క్షమాపణ నాకొద్దు. ఈసారి పోటీకి నేనే వస్తా, నా పేరు నేనే రాసుకుంటా.

నిన్న ఒక లారీ వెనక తలుపుమీద పూలేసి, కింద నా పేరు రాశా. ఓనరు చూసి, "ఎవరీ సైదాబీ?" అన్నాడు.

"నేనేనండి."

"చెరిపెయ్."

చెరపలేదు. కుంచె కిందపెట్టి ఎదురుగా నిలబడ్డా. నాన్న కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఓనరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ లారీ ఈపాటికి రాళ్ళేసుకుని మద్రాసు రోడ్డుమీద పోతూ ఉంటుంది.

సైదాబీ,
పెయింటర్, చీమకుర్తి