నానమ్మ నూరిన గోలీ

మంగళవారం రాత్రి, నాచారం

ఈరోజు ఒక చిన్న పసుపు మాత్రకు మనసులో సాష్టాంగ నమస్కారం చేశాను.

మాత్రలు వేసుకుంటున్నా కడుపులో మంట తగ్గక నానమ్మ సగం తిండి మానేసింది. తగ్గకపోతే నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాలని డాక్టరమ్మ అన్నాక భయంతో మిగతా సగమూ మానేసింది. ఇవాళ మళ్లీ ఏఎస్ రావు నగర్ క్లినిక్‌కి తీసుకెళ్లాను.

"గోలీ ఎట్ల ఏసుకుంటున్నరమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మంచిగ రోట్ల నూరి, తేనెల కలిపి నాకుతున్న," అంది నానమ్మ గర్వంగా. మా ఇంట్లో ఏ మందైనా రోటిని దర్శించుకునే కడుపులోకి పోవాలి.

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆ మాత్ర పైపొర కవచమట. కడుపులోని ఆమ్లం మందును చెడగొట్టకుండా పేగుదాకా కాపాడుతుందట. మందు అక్కడ కరిగి, రక్తంలో కలిసి, తిరిగొచ్చి ఆమ్లం తయారయ్యే చోటనే తాళం వేస్తుందట! ఫోన్‌లో మ్యాప్ చూస్తూ కూడా ఉప్పల్ చౌరస్తాలో దారి తప్పే నేను నోరెళ్లబెట్టాను.

"నూరొద్దు, నమలొద్దు. పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు నీళ్లతో మింగండి. మింగరాకపోతే చెప్పండి, వేరేది రాస్త. దొడ్డికి నల్లగ అయితే మాత్రం ఆగకుండ రండి."

ఇంటికొచ్చాక నానమ్మ మొదలుపెట్టింది. "గొంతుల ఇరుకుతే ఎట్లరా?"

"గ్లాసు పట్టుకొని పక్కనే కూసుంటనే."

"నువ్వు పొద్దుగాల లేస్తే గదే పెద్ద అద్భుతం."

అంతలోనే, "రేపు టిఫిన్ ఏందిరా?" అంది. ఎన్నాళ్లయిందో ఆమె తిండి సంగతి అడిగి. ఉప్మా అన్నాను. తిట్టింది. ఇంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.