తడిగాలి పరీక్ష

అమ్మకి,

నాలుగు మాటలు మాట్లాడితే నీకు ఆయాసం వస్తుందని ఫోన్లు మానేసి ఉత్తరాలు మొదలుపెట్టాం. అదే మంచిదైంది. ఇవాళ రాస్తున్న సంగతి ఫోన్లో అయితే చెప్పగలిగేదాన్ని కాదు.

"మా పెద్దది మనిషి ముక్కుకన్నా ముందే అమ్మోనియాని పసిగట్టే పరికరం చేస్తోంది" అని వీధంతా చెప్పుకుంటున్నావట. తమ్ముడు మురిసిపోతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను. నువ్వు పనిచేసే చేపల కోల్డ్ స్టోరేజీలో, చల్లదనం కోసం వాడే అమ్మోనియా గ్యాసు లీకై నీ ఊపిరి దెబ్బతిన్నప్పటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు, నీకు తెలుసు. కానీ ఆ పరికరం పనికిరాదని నెల కిందట నలుగురిలో చెప్పింది నేనే.

మా ల్యాబులో చేసే పని ఇదీ. లోహపు అణువుల్ని స్తంభాల్లా నిలబెట్టి, కర్బన పదార్థాల్ని దూలాల్లా కలిపితే, కంటికి కనపడని గదులతో నిండిన పొడి తయారవుతుంది. అమ్మోనియా వచ్చి ఆ గదుల్లో దూరుతుంది. అయితే ఆ పొడిలో కరెంటు పారదు. చుట్టం ఇంట్లోకి వచ్చినా ఆ కబురు బయటికి రాదన్నమాట. గ్రాఫీన్ అనేది ఒక్క అణువు మందం ఉన్న కర్బనపు రేకు, అందులో కరెంటు ఇట్టే పారుతుంది. ఆ రేకు మీదే ఈ గదుల్ని పెంచితే, అమ్మోనియా దూరగానే కరెంటు మారి గంట మోగుతుంది.

పొడిగాలిలో చక్కగా మోగింది. అది చూసి ఒక కంపెనీ వాళ్ళు కొనడానికి వచ్చారు. వాళ్ళు రావడానికి కొద్ది రోజుల ముందే నేను తడిగాలిలో పెట్టి చూశాను. గదుల నిండా నీటి ఆవిరి చేరి, అమ్మోనియా చుక్క లేకుండానే గంట మోగింది. మా ల్యాబు ప్రొఫెసర్ గారికి చెబితే, "ముందు ఉన్నది చూపిద్దాం, ఆ సంగతి తరవాత" అన్నారు. చూపించాను. చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒకాయన, "ఎక్కడైనా పెట్టొచ్చా?" అని అడిగాడు. నీళ్ళోడుతున్న మీ షెడ్డు కళ్ళముందు కదిలి, "లేదండీ, తడి ఉన్నచోట ఇది అబద్ధం చెబుతుంది" అనేశాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆనాటి నుంచీ ప్రొఫెసర్ గారు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఎదురుపడితే తల తిప్పుకుంటున్నారు. అందుకే ఒక స్కూల్లో సైన్సు చెప్పే ఉద్యోగానికి ఒప్పుకున్నాను. నువ్విక నా గురించి గొప్పలు చెప్పకమ్మా.

నీ పెద్దది

◆

బంగారుతల్లీ,

నీ ఉత్తరం చదివి ఏడుస్తాననుకున్నావా? షిఫ్టు దిగి నన్ను చూడ్డానికొచ్చిన మావాళ్ళందరి ముందూ తమ్ముడి చేత గట్టిగా చదివించాను. నేల కడిగే మీ పిన్ని నోరు తెరిచింది. "కొనడానికొచ్చినోళ్ళ ముందే పనికిరాదని చెప్పేసిందా? దాని గుండె ధైర్యం పాడుగాను!" అంది. "ఎవరి కూతురనుకున్నావే" అన్నాను.

నీకో సంగతి చెప్పాలి. మా షెడ్డులో గంట లేదనుకుంటున్నావేమో, ఉండేది. ఊరికే మోగేది. గొట్టంతో నీళ్ళు కొడితే మోగేది, చలిగదిలోంచి గాలి బయటికొస్తే మోగేది. మోగిన ప్రతిసారీ పరిగెత్తి పరిగెత్తి విసుగొచ్చి, చివరికి మేనేజరే దాని వైరు పీకించాడు. లీకైన రోజున అది గోడకి బొమ్మలా వేలాడుతోంది. కళ్ళు మండాకే ఎవరికైనా తెలిసింది. వెనకాల గదిలో ఉన్నవాళ్ళని బయటికి తోలేసరికి నా ఊపిరి పోయినంత పనైంది. మోగని గంటకన్నా ఊరికే మోగే గంట ప్రమాదం తల్లీ. అలాంటిది ఇంకొక షెడ్డుకి వెళ్ళకుండా నువ్వు అడ్డుపడ్డావు. ఇంతకుముందు వీధికే చెప్పాను, ఇకమీద ఊరంతా చెబుతాను.

ఒక్కటి అడుగుతాను. మీ ప్రొఫెసరు నిన్ను తిట్టాడా? పొమ్మన్నాడా? ఉత్తరంలో ఆ మాటే లేదే! ఎదుటివాళ్ళ మొహం చూసి మనసంతా చదివేశాననుకోవడం అచ్చం మీ నాన్న పోలిక. నేను తలనొప్పితో మొహం ముడుచుకుంటే, తనమీదే కోపమనుకుని పాపం ఇంట్లో పిల్లిలా తిరిగేవాడు. వెళ్ళి ఆయన్నే అడుగు. పొమ్మంటే తలెత్తుకుని స్కూలుకి పో, పిల్లలకి చదువు చెప్పడం తక్కువేం కాదు. ఎవరూ పొమ్మనకుండా నువ్వే పోతే మాత్రం నేనూరుకోను.

అమ్మ

◆

అమ్మా,

చాలా రోజులు ఉత్తరం రాయలేదని అలిగావని తమ్ముడు చెప్పాడు. పని అయ్యాకే రాద్దామని పట్టుబట్టి కూర్చున్నాను.

నువ్వు చెప్పినట్టే వెళ్ళి అడిగాను. "సార్, నామీద కోపమా?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "కోపం కాదమ్మా, సిగ్గు. ఆ రోజు ఆ మాట నేను చెప్పాలి, నువ్వు చెప్పావు. నీ మొహం చూడలేకపోతున్నాను" అన్నారు. "అయితే తడి సంగతి చూద్దామా సార్?" అన్నాను. "పద" అని అప్పటికప్పుడే లేచారు. స్కూలువాళ్ళకి రానని కబురు పెట్టేశాను.

ఆ తరవాత ఎన్నిసార్లు చెడగొట్టుకున్నామో! నీటిని దగ్గరికి రానివ్వని దూలాలు వేసి గదులు కట్టాం. గ్రాఫీన్ ఎక్కువైతే రేకులు ఒకదానిమీదొకటి పడి గదుల గుమ్మాలు మూసుకుపోయేవి, తక్కువైతే కరెంటు పారేది కాదు. పాళ్ళు మారుస్తూ పోయాం. చివరికి ఒక ముక్క తడిగాలిలో పెట్టినా మెదలకుండా కూర్చుంది. నమ్మకం కుదరక మేమిద్దరం దాన్ని తీసి మళ్ళీ మళ్ళీ తడిగాలిలో పెట్టి చూశాం.

పరీక్ష మీ షెడ్డులోనే పెట్టమని నేనే అడిగాను. డాక్టరు నిన్ను అటు వెళ్ళొద్దన్నాడు కాబట్టి నీకు ముందుగా చెప్పలేదు. నిన్ననే అయింది. ప్రొఫెసర్ గారితో వెంటనే తిరుగు బండెక్కాల్సి వచ్చి ఇంటికి రాలేకపోయాను, తిట్టకు. పిన్ని గొట్టంతో నీళ్ళు కొట్టింది, చలిగది తలుపులు బార్లా తెరిచారు. గంట కిక్కురుమనలేదు. ప్రొఫెసర్ గారు దూరంగా ఒక మూల అమ్మోనియా సీసా మూత కాస్త వదులు చేశారు. ఎవరికీ వాసన రాలేదు. గంట మోగింది! ఎవరూ నవ్వలేదమ్మా. అందరూ చేతిలో పని వదిలేసి, తోసుకోకుండా బయటికి నడిచారు. ఆవరణలో నిలబడ్డాక పిన్ని నా చెయ్యి పట్టుకుని, "ఇది ఇక్కడే ఉంచుతారా?" అంది. మేనేజరు తల దించుకుని, "ఉంచుతాం" అన్నాడు.

దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలన్నాడు. ఎవర్ని పెడదామని అడిగితే, మీవాళ్ళంతా ఒక్క గొంతుతో నిన్నే అన్నారు. పరికరం తెర గేటు పక్క గదిలో ఉంటుంది, షెడ్డులోకి అడుగుపెట్టే పని లేదు. డాక్టర్ని కూడా అడిగాను, సరేనన్నాడు. కూతురు చేసిన పరికరం అని మొహమాటపడకు, తప్పు చేస్తే నాలుగు తిట్టి నాకే రాయి. సోమవారం పొద్దున షిఫ్టు నీది.

నీ కూతురినని ఊరంతా చెప్పుకుంటున్న,
నీ పెద్దది