జడ్జి కాని బావ

శుక్రవారం రాత్రి, ఉమ్ ఘువైలినా, ఖతర్

జడ్జి పదవికి పంపిన బావ పేరు ఢిల్లీ నుంచి వెనక్కి వచ్చింది. ఇన్నేళ్లు హైకోర్టులో సర్కారు వకీలుగా ఉన్నాడు, జడ్జి అవుతాడని ఊరంతా అనుకుంది. పెళ్లి లేకుండా కలిసి బతికే జంటలకు చట్టం అండగా ఉండకూడదని ఎప్పుడో పేపర్లో రాసిన వ్యాసమే అడ్డం పడింది.

అందరూ ఓదారుస్తున్నారని ఫోన్ ఎత్తడం మానేశాడట. నేను చేస్తే ఎత్తాడు.

"ఏం మై లార్డూ, కొత్త కోటు వాపస్ ఇచ్చినవా?" అన్నాను.

"దుబాయ్ల బండి తోలేటోనికి నా కోటు ముచ్చటెందుకురా?"

"ఇది ఖతర్, బావా. జడ్జి అయ్యేటోనికి గిదన్నా తెల్వాలె."

నవ్వలేదు. వ్యాసం తప్పని ఒప్పుకుంటే మళ్లీ పేరు పంపుతామని కోర్టు పెద్దలు చెప్పారట. వెనక నుంచి అక్క అరుస్తోంది: "ఒప్పుకోమని చెప్పురా తమ్మీ, ఒక్క మాటనే గదా!"

ఆ వ్యాసం నాకు అస్సలు గిట్టదు. నా పెద్దకొడుకే హైదరాబాద్‌లో ఒక అమ్మాయితో అలా ఉంటున్నాడు. దీని మీద బావతో ఎన్ని దావత్‌లలో గొడవపడ్డానో!

"నీ మనసు మారిందా, బావా?"

"లేదు."

"మరెందుకు ఒప్పుకుంటవ్? ఇప్పుడు నువ్వే నీది తప్పంటే, ఇన్నేండ్లు నేను గోడతోని కొట్లాడిన్నా?"



"ఒప్పుకోను పో. నువ్వు ముందుగాల నీ కొడుకు పెండ్లి జెయ్!"

అక్క ఫోన్ లాక్కుని, సంసారం కూల్చావని నన్ను తిట్టిపోసింది. రేపు కూడా తిడుతుంది. తిట్టనీ. బావ తన మాట మింగి కుర్చీ ఎక్కితే, ఆయనతో మళ్లీ వాదించాలని నాకు అనిపించేది కాదు.