తలుపుల కింది రంధ్రాలు మూయరాదు

పళ్ళ డాక్టరుగా పనిచేసి, ఈ మధ్యే క్లినిక్కు మూసి ఇంటిపట్టున ఉంటున్న నేను, బుర్ర చురుగ్గానూ చెయ్యి వణక్కుండానూ ఉన్న ఈ రోజున, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాసుకుంటున్న వీలునామా ఇది. చెయ్యి వణకడం లేదనడానికి రుజువు కావలసినవారు మొన్న నేను వేసిన వెల్డింగు అతుకును చూసుకోవచ్చు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నోటిమాటగా ఎవరికైనా ఏదైనా ఇస్తానని అని ఉంటే అది చెల్లదు. ముఖ్యంగా అన్నయ్యకు.

ఇందులో ‘ఏనుగు’ అన్నచోటల్లా మా నాన్న కొన్న బూడిదరంగు నాలుగు తలుపుల కారు అని అర్థం చేసుకోవాలి. అంత పాత కారు మా ఊళ్ళో ఇంకొకటి లేదు.

1. నా ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నది, అంతా నా తదనంతరం మా ఆయనకు సర్వహక్కులతో చెందుతుంది. మాకు పిల్లలు లేరు కనుక ఈ విషయంలో ఎవరూ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆయనదే. ఆయనకు కారు నడపడం రాదు. ఏళ్ళ తరబడి మా వరండా నిండా రేకుముక్కలూ తుప్పుపొడీ ఉన్నా ఒక్క రోజు విసుక్కోలేదు. టీ కప్పు పట్టుకుని వాటిని దాటుకుంటూ వచ్చి, “ఇవాళ ఎంతవరకు వచ్చింది?” అని మాత్రం అడిగేవారు. అందుకుగాను ఏనుగు ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చునే హక్కు ఆయన బతికినంత కాలం ఆయనదే. ఎంత పెద్ద చుట్టం వచ్చినా ఆయన్ని వెనక్కి పంపరాదు.

2. ఏనుగు ఎవరికో చెప్పే ముందు, అది నాదెలా అయిందో రికార్డు కోసం రాస్తున్నాను. అమలు జరిపేవారు ఓపిగ్గా చదవాలి.

నాన్న పోయాక ఏనుగు అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. అన్నయ్యకు కార్లకు రంగులు వేసే షెడ్డు ఉంది. చక్రాల పైన రంగు అక్కడక్కడ పొంగి ఉంది. అలా పొంగితే గోకి, కింద మంచి రేకు తగిలేదాకా తుప్పంతా తీసి, అప్పుడు పని మొదలుపెట్టాలి. అన్నయ్య తుప్పు మీదే లప్పం పెట్టి, నున్నగా రుద్ది, రంగు కొట్టాడు. తడి ఆరకుండానే అడుగంతా నల్లటి తారు పూయించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. తలుపుల కింది అంచున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం సందుల్లోంచి తలుపులోకి దిగిన వాననీళ్ళు బయటికి పోయే దారులవి. కారు మీద చిల్లు కనిపిస్తే అన్నయ్య చెయ్యి ఊరుకోదు. అన్నిటినీ లప్పంతో పూడ్చేశాడు. అంత శ్రద్ధగా అతను ఇంకే పనీ చేసి ఉండడు.

మరుసటి వానాకాలంలో కారు మలుపు తిరిగినప్పుడల్లా తలుపుల్లో నీళ్ళు గలగలలాడాయి. అది విని అందరూ నవ్వారు. ఆ పై వానాకాలంలో వెనక సీట్లో కూర్చున్న వదిన కాలు నేలరేకును చీల్చుకుని రోడ్డుకు తగిలింది. అదృష్టం బాగుండి కారు ఆగి ఉంది. కాలు పైకి వచ్చింది గానీ చెప్పు రాలేదు.

ఆ వారమే అన్నయ్య పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాడు. నేను అడ్డుపడ్డాను. “నువ్వు పళ్ళు పీకేదానివి, నీకెందుకే ఈ రేకుల గోల?” అన్నాడు, చుట్టాలందరి ముందూ. ఆ సాయంత్రమే ఏనుగును ఇంటికి లాగించుకు వచ్చాను.

నేను పళ్ళు పీకేదాన్నే. పుచ్చు తీయకుండా పైపైన నింపితే ఏమవుతుందో నాకు తెలిసినంత అన్నయ్యకు తెలియదు. పుచ్చు వెతికే కొక్కెంతో ఏనుగు అడుగంతా పొడిచి చూశాను. దిగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ పోతే చివరికి గీత లేని చోటు వెతుక్కోవలసి వచ్చింది. మెరిసే రేకు వచ్చేదాకా కోశాను. వీధి చివర వెల్డింగు షాపు ఆవిడ దగ్గర అతకడం నేర్చుకున్నాను. నా మొదటి అతుకు చూసి ఆవిడ, “డాక్టరమ్మా, పన్ను ఇలా కడితే మనిషి ఊరుకుంటాడా?” అంది. కొన్నాళ్ళకు తనకు వచ్చిన సన్నరేకు పనులు నాకు పంపడం మొదలుపెట్టింది. కొత్త రేకుకు ఎర్ర ప్రైమరు, అతుకుల సందుల్లో సీలు, పైన రంగు, చెయ్యి పట్టని డొల్లల్లోకి సన్నటి గొట్టంతో కరిగిన మైనం. తలుపుల కింది రంధ్రాలన్నీ తెరిచాను.

పోయిన నెల ఏనుగును ఫిట్‌నెస్ పరీక్షకు నేనే నడుపుకుంటూ తీసుకెళ్ళాను. అధికారి కిందికి దూరి సుత్తితో తట్టారు. తట్టిన చోటల్లా ఖంగుమంది. “ఈ పని ఎక్కడ చేయించారండీ?” అని అడిగారు. “చేయించలేదు, చేశాను” అన్నాను. డాక్టరు పట్టా చేతికొచ్చిన రోజున కూడా నాకు అంత ఆనందం లేదు. ఇంటికి వచ్చే దారంతా హారన్ కొడుతూనే ఉన్నాను. పక్క సీట్లో మా ఆయన చెవులు మూసుకుని నవ్వారు.

ఆ తర్వాత అన్నయ్య మాట మార్చాడు. “నాన్న కారులో నాకూ సగం ఉంది” అంటున్నాడు. షెడ్డు ముందు గాజుగదిలో ఏనుగును నిలబెట్టి, ‘మా పనితనం’ అని బోర్డు పెడతాడట. నేను పోయాక ఈ తగువు కోర్టుకెక్కే వీలుందని వకీలు గారు హెచ్చరించారు. కదలకుండా నిలబడిన కారును తుప్పు మళ్ళీ వెతుక్కుంటూ వస్తుంది. అయినా నాకు ఒళ్ళు మండేది ఆ బోర్డు గురించే.

3. కనుక ఏనుగును నా మేనకోడలికి, అంటే ఆ అన్నయ్య ఒక్కగానొక్క కూతురికి, సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆసుపత్రిలో నర్సు పని చేసే పిల్ల, సెలవురోజున వాళ్ళ నాన్నకు చెప్పకుండా వచ్చి నాతోపాటు కారు కింద పడుకునేది. “అత్తా, పోయిందనుకున్నదాన్ని వెనక్కి తేవడం అక్కడ రోజూ కుదరదు. ఇక్కడ కుదురుతోంది” అంది ఒకసారి. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తుప్పు పొడి పడిందని చెప్పాను.

షరతులు ఇవి. తలుపుల కింది రంధ్రాలు మూయరాదు. వానలకు ముందు పుల్లతో పొడిచి శుభ్రం చేయాలి. పట్టా కప్పి ఉంచరాదు, లోపల చెమట పడుతుంది. చక్రాల పైన పేరుకున్న బురద కడిగేయాలి. రంగు ఏ మాత్రం పొంగినా వెంటనే గోకాలి. “తర్వాత చూద్దాం” అనే మాట ఈ కారు దగ్గర పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, నడపాలి. వానలో కూడా నడపాలి. తడిస్తే ఆరబెట్టుకోవచ్చు.

4. పుచ్చు వెతికే కొక్కెం కూడా మేనకోడలికే.

5. పైకీ కిందికీ కదిలే నా క్లినిక్కు కుర్చీ వెల్డింగు షాపు ఆవిడకు. పన్ను నొప్పి లేకపోయినా వచ్చి అందులో కూర్చుని కునుకు తీసే మనిషి ఆవిడ ఒక్కతే.

6. వదినకు ఒక జత మంచి చెప్పులు. వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చోమని నా మాటగా చెప్పాలి. ఆ నేల మీద గెంతినా ఏమీ కాదు.

7. అన్నయ్యకు ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం పెట్టినవారికి ఇందులో వాటా ఉండకూడదని వకీలు గారు చెప్పారు. అందుకే అన్నయ్యనే సాక్షిగా పిలిచాను. “చదువు. కారు చూసుకో. సగం కావాలంటే ఇప్పుడే ఈ కాగితం మీదే రాయి, నేను బతికుండగానే తేల్చుకుందాం” అన్నాను. పైదంతా చదివాడు. చెప్పు సంగతి దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత చొక్కా విప్పి, పక్కనే ఉన్న కూతురి చేతికిచ్చి, నా కొక్కెం అడిగి తీసుకుని, ఏనుగు కిందికి దూరాడు. ఇది రాస్తున్న సమయానికి ఇంకా కిందే ఉన్నాడు. కొక్కెం రేకుకు తగులుతున్న చప్పుడు వినబడుతోంది. మేనకోడలు గోళ్ళు కొరుక్కుంటోంది. నేను పైకి ధైర్యంగా ఉన్నాను. అతను బయటికి వచ్చి ఏం రాస్తే అది ఉంటుంది, నేను కొట్టివేయను.

తేదీ: జూన్ మూడు, మంగళవారం, మా ఇంటి వరండాలో.

రాసినది: నేనే. (సంతకం)

మొదటి సాక్షి: క్లినిక్కులో నా దగ్గర మొదటినుంచీ పనిచేసిన కాంపౌండరు. (సంతకం)

రెండో సాక్షి, స్వదస్తూరితో: అడుగంతా పొడిచి చూశాను. ఎక్కడా దిగలేదు. ఈ కారు మీద నాకు గానీ నా షెడ్డుకు గానీ ఏ హక్కూ లేదు. ఇది మా చెల్లెలి పనితనం. (సంతకం) రాసినామె అన్న, కార్ల రంగుల షెడ్డు యజమాని.